అన్నయ్యా అని పిలిచాక

నమోదు 1

వకీలు భానోజీ గారు ఇవాళ్టి నుంచి రాయమన్నారు. నన్ను ఎవరు ఏమని పిలిచారు, నేను పలికానా లేదా, అక్కడ చెవి ఉందా, అన్నీ. రేపు వ్యాజ్యం నడిస్తే పనికొస్తుందట. నాకు రాత అంటే ఒళ్ళుమంట. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ప్రభంజన్‌ని పెళ్ళి చేసుకోవడం కంటే రాయడమే సుఖం.

పొద్దున చెమ్మ గదిలో పలకలు తుడిచాను. ఈ గుట్ట లోపల మనుషులు వదిలిన ఊపిరంతా చల్లటి ఇనుప పలకల మీద తడిగా పడుతుంది. దాన్ని గుడ్డతో ఒత్తి, తొట్టిలోకి పిండితే అందరూ తాగుతారు. గుట్ట సూర్యుడి చుట్టూ తిరుగుతోందని బళ్ళో చెప్పారు. నేను పుట్టి ఇన్నేళ్ళయింది, సూర్యుణ్ణి చూసింది లేదు. చూడకపోతే కొంపేమీ మునగలేదు.

ఇంటికి వస్తుంటే కూడలిలో ఎదురింటి పసిపిల్ల నన్ను చూసి "అత్తా" అనబోయింది. వాళ్ళమ్మ ఆ పిల్ల నోరు గట్టిగా మూసేసింది. మంచి పని చేసింది. పైన కప్పుకి చెవి ఉంది, మాటలు వినే యంత్రం. నేను పొరపాటున "ఊఁ" అని ఉంటే దాని పచ్చదీపం వెలిగేది, ఆ క్షణం నుంచి పిల్ల నాకు మేనకోడలయ్యేది, దాని తిండిలో సగం నేను పెట్టాల్సి వచ్చేది. పిలుపుల చట్టం అంటే అదే. పిలిచి, పలికితే, చెవి వింటే, వరస కలిసినట్టే. మళ్ళీ విడిపోదు. అందుకే మా గుట్టలో అందరం గారు, గారు అని చచ్చిపోతుంటాం.

నమోదు 2

నిశ్చితార్థం ఎందుకు తెంచుకోవాలనుకున్నానో కూడా రాయమన్నారు వకీలు గారు.

ప్రభంజన్ మా మూడో వాడకి గాలి అధికారి. ఏ గదికి ఎంత గాలి వెళ్ళాలో అతని చేతిలో ఉంటుంది. మనిషి చూడ్డానికి బాగుంటాడు, నవ్వుతూ మాట్లాడతాడు. నాన్న పోయాక నాకు వెనకా ముందూ ఎవరూ లేరు. నా తాంబూలం నేనే ఇచ్చుకున్నాను. వాళ్ళమ్మ కామేశ్వరమ్మని "అత్తయ్యా" అన్నాను, ఆవిడ పలికింది, దీపం వెలిగింది. అంతా మర్యాదగా జరిగింది.

మర్నాడే అతను "రా, ఒక తమాషా చూపిస్తాను" అని నన్ను రామదాసు గారి గది కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ ముసలాయన ముందురోజు దారిలో లేచి పక్కకి జరగలేదట. ప్రభంజన్ గాలి మీట తగ్గించి పెట్టాడు. లోపల ముసలాయన నేల మీద కూర్చుని నోరు తెరిచి, తలుపు కింద సందుకి ముఖం ఆనించాడు. "చూశావా ఎలా వంగాడో" అని ప్రభంజన్ నా భుజం తట్టాడు. ముసలాయన చావలేదులెండి. ఇప్పుడు ప్రభంజన్ కనిపిస్తే అంత దూరం నుంచే లేచి నిలబడుతున్నాడు.

ఇంకొకటి కూడా ఉంది. కేదారి. నా పక్క పలకల దగ్గర పనిచేస్తాడు. ఎక్కువ మాట్లాడడు, ఎవరినీ ఏమీ అనడు. కొత్తగుట్టకి పలకలు అమర్చడానికి అతని పేరు వచ్చింది. అక్కడికి పెళ్ళైన జంటల్నే పంపుతారు. "మీరొస్తానంటే నేనాగుతాను వకుళ గారూ" అన్నాడు. బండి వెళ్ళేలోగా తేల్చుకోవాలి. నాకు కావలసింది అదొక్కటే, కేదారితో ఆ బండి ఎక్కడం.

నమోదు 3

భానోజీ గారి గదిలో కుర్చీ ఒకటే ఉంది. అందులో ఆయనే కూర్చుంటారు.

"మాట తప్పినందుకు నేనేమైనా ఇచ్చుకోవాలా?" అని అడిగాను.

"భూమ్మీద ఉండేదట అలాంటిది. ఇక్కడ నీ దగ్గరేముందమ్మా ఇవ్వడానికి, ఆ తడిగుడ్డా?" అన్నారు ఆయన. "మన పెద్దవాళ్ళు తెలివైనవాళ్ళు. ఉన్నదే గుప్పెడు మంది, పెళ్ళి చెడితే పగలు పెట్టుకుని ఎక్కడికి పోతారు? అందుకని ఒక దారి పెట్టారు. పెళ్ళికొడుకు అనుకున్నవాణ్ణి అన్నయ్యా అని పిలువు. అతను పలకాలి, చెవి వినాలి. అన్నాచెల్లెళ్ళకి పెళ్ళేమిటి? నిశ్చితార్థం పోతుంది. కోర్టూ లేదు, కొట్లాటా లేదు."

"పలక్కపోతే?"

"నిశ్చితార్థం ఖాయం. రెండోసారి పిలిచే వీల్లేదు. కాబట్టి ఏమరుపాటున ఉన్నప్పుడు చూసి పిలువు."

ఆయన అంత తేలిగ్గా చెబుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటికెళ్తూ అన్నయ్యా, అన్నయ్యా అని లోపల్లోపల వల్లించుకున్నాను.

నమోదు 4

అయిపోయింది. భోజనాల సాలలో ప్రభంజన్ తన వాళ్ళతో ఏదో చెబుతూ పగలబడి నవ్వుతున్నాడు. నేను పళ్ళెం పట్టుకుని వెనక నుంచి వెళ్ళి, "అన్నయ్యా, కాస్త జరుగు" అన్నాను.

అందరూ నవ్వడం ఆపేశారు. అతను ఏమరుపాటున పలుకుతాడనుకున్నాను. కాదు. మెల్లగా తిరిగాడు. నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. ఆలోచించాడు. ఆ తర్వాత పెద్దగా, చెవికి బాగా వినపడేలా, "ఏం చెల్లెమ్మా" అన్నాడు.

పచ్చదీపం వెలిగింది. నేను గెలిచాననుకుని పళ్ళెంలో ఉన్నదంతా తిన్నాను.

నమోదు 5

కేదారికి తాంబూలం ఇవ్వడానికి రెండు తమలపాకులు కావాలని తీగల గదికి వెళ్ళాను. అక్కడి ఆవిడ నా పేరు చూసి ఇవ్వనంది. "అన్నగారిని పంపించండి" అంది.

భానోజీ గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన తాపీగా చెప్పారు. అన్న లేని ఆడపిల్ల తన తాంబూలం తానే ఇచ్చుకోవచ్చు. అన్న ఉంటే అతని చేతి మీదుగానే ఇవ్వాలి. పెళ్ళయ్యేదాకా అన్న ఇంట్లోనే ఉండాలి.

"ఇది ముందే ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను.

"నువ్వు అడిగింది నిశ్చితార్థం ఎలా తెంచుకోవాలని. అది చెప్పాను, తెగింది కదా. తర్వాత ఎలా బతకాలని నువ్వడగలేదు."

ఆ ముసలాణ్ణి ఆ కుర్చీలోంచి లాగి కింద పడేయాలనిపించింది. మళ్ళీ అవసరం పడుతుందని ఊరుకున్నాను.

నమోదు 6

ప్రభంజన్ ఇంటికి మారాను. అతనే వచ్చి నా మూట మోశాడు. దారి పొడుగునా "మా చెల్లెలు, మా చెల్లెలు" అని అందరికీ చూపించాడు.

కామేశ్వరమ్మ గుమ్మంలోనే గరిటె నా చేతికిచ్చింది. "కోడలిగా వస్తే సగం వంట చేసేదానివి. కూతురివయ్యావుగా, మొత్తం చెయ్యి" అంది. నేను ఉప్పు ఎక్కువ వేశాను. ఆవిడ కిమ్మనకుండా తన గిన్నె నా ముందు పెట్టి, అంతా అయిపోయేదాకా నాతోనే తినిపించింది.

అన్నం తిన్నాక ప్రభంజన్‌ని అడిగాను. బతిమాలాను అనే రాయాలి. "కేదారి మంచివాడు. నీ చేత్తో తాంబూలం ఇవ్వు" అన్నాను.

"మంచివాడే. కానీ నిన్ను అంత దూరం పంపి నేనెలా ఉంటాను చెల్లెమ్మా? అన్నని కదా."

"నామీద కోపంతో చేస్తున్నావు."

"కోపం పెళ్ళాం మీద ఉంటుంది. చెల్లెలి మీద ప్రేమే." లేచి వెళ్ళి నా గది మీట కొంచెం తగ్గించాడు. "కేదారి పేరు తలుచుకుంటే నీకు ఆయాసం వస్తోంది. ఆ పేరు మానెయ్."

పడుకుని ఊపిరి చిన్నచిన్నగా పీల్చడం నేర్చుకుంటున్నాను. ఒక్కసారి గట్టిగా పీలిస్తే మళ్ళీ చాలాసేపు అందడం లేదు. ఏడవాలన్నా గాలి కావాలని ఇప్పుడు తెలిసింది.

నమోదు 9

చెమ్మ గదికి కొత్తమ్మాయి వచ్చింది. పేరు తాయారు. కిందటేడు కప్పు పగిలిపోయిన గవ్వలదిన్నె గుట్ట నుంచి బతికి బయటపడ్డ కొద్దిమందిలో ఒకతె. అమ్మా నాన్నా అందరూ అక్కడే పోయారు. ఆ సంగతి చెబుతూ కూడా పలక తుడవడం ఆపలేదు. చురుకైన పిల్ల.

వచ్చిన కాసేపటికే నా వైపు తిరిగి, "వదినా, ఈ గుడ్డ ఎక్కడ ఆరేసీమంటావు?" అంది.

నేను ఎగిరి దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. గదిలో చెమ్మకి చెవులు పాడవుతాయని ఇక్కడ ఒక్కటీ పెట్టలేదు కాబట్టి సరిపోయింది. చట్టమంతా చెప్పాను. "బయట ఇలా అన్నావంటే, నేను పలికానంటే, నాకు పెళ్ళికాని అన్న ఒకడున్నాడు, నువ్వు వాడి పెళ్ళానివైపోతావు. ఎవరినైనా గారు అను. అర్థమైందా?"

"ఓలమ్మ, ఇదేటి ఊరు" అని తాయారు కళ్ళు పెద్దవి చేసింది. "మా కాడ ఆడోళ్ళందరం వదినలమే. కూర సట్టి పట్టుకుని ఎవులింటికైనా ఎలిపోయేవోళ్ళం."

"ఇక్కడ అలా వెళ్తే తిరిగి రావు" అన్నాను.

తాయారు నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఈ మధ్య నేను నవ్వింది ఇదే.

నమోదు 13

కేదారి ఇవాళ పలకల దగ్గర మెల్లగా అడిగాడు, ఏమైందని. బండి వెళ్ళే రోజు ప్రకటించారు. జంట లేకపోతే అతని బదులు ఇంకొకరిని పంపుతారు. "నేనుండిపోనా?" అన్నాడు. ఉండిపోతే ప్రభంజన్ మీట కేదారి గదికి కూడా ఉంది. ఆ మాట చెప్పాను. అతను తల దించుకుని గుడ్డ పిండాడు.

మళ్ళీ భానోజీ గారి దగ్గరికి వెళ్ళాను. ఈసారి జాగ్రత్తగా అడిగాను. తెంచుకోవడం గురించీ, తర్వాత గురించీ, ఆ తర్వాత గురించీ.

"ఒక నిబంధన ఉంది" అన్నారు ఆయన కళ్ళు మూసుకుని. "వదిన చేతి తాంబూలం అన్న చేతి తాంబూలంతో సమానం. పెళ్ళి కాకపోయినా సరే, ఎవరైనా నిన్ను వదినా అని పిలిచి నువ్వు పలికితే, ఆ సంబంధం మీ అన్నకి నువ్వు కుదిర్చినట్టే. ఆ క్షణం నుంచి ఆమె నీకు వదిన. ఆడపడుచుకి ఆ హక్కు ఉంది."

"అన్న వద్దంటే?"

"చెల్లెమ్మా అని పిలిచి తెంచుకోవాలి. అందాకా ఆమె వదినే. కానీ ఎవరు పిలుస్తారమ్మా? ఈ గుట్టలో చంటిపిల్లకి కూడా తెలుసు. అందుకే ఆ నిబంధన ఇన్నేళ్ళలో ఎవరూ వాడలేదు."

నేను నేలకేసి చూస్తూ నిలబడ్డాను. ఆయన కళ్ళు తెరిచి నన్ను చూశారు. "ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. లేరని చెప్పాను.

నమోదు 14

నేనేమీ చెడ్డదాన్ని కాదు. రామదాసు గారికి నా వంతు నీళ్ళు పోసినదాన్ని. తాయారు నోరు మూసి కాపాడినదాన్ని. అదే నేను. కానీ మీట ఇవాళ ఇంకొంచెం తగ్గింది. గోడ పట్టుకుని లేస్తున్నాను. నా బదులు ఇంకెవరైనా ఈ గదిలో ఉంటే నాకు అభ్యంతరం లేదు. ఇది రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది. సిగ్గుపడుతూనే రాశాను.

నమోదు 15

మధ్యాహ్నం తాయారుని వంటసాలకి తీసుకెళ్ళాను. నాచు పులుసు మరుగుతోంది. తలెత్తితే నల్లగా చెవి. తాయారుకి కూడా తెలుసు అది అక్కడుందని. అందుకే "వకుళ గారూ, వకుళ గారూ" అంటూ ఎంతో జాగ్రత్తగా మాట్లాడుతోంది పాపం.

నేను వాళ్ళ ఊరి కబుర్లు అడిగాను. మొదట ముభావంగా ఉంది. తర్వాత వాళ్ళమ్మ వంట గురించి చెప్పింది. పక్కింటి ముత్యాలమ్మ ఎలా కూర కోసం వచ్చి గిన్నె తిరిగిచ్చేది కాదో చెప్పింది. చెబుతుంటే ముఖం వెలిగిపోయింది. చేతులు తిప్పుతోంది, ముత్యాలమ్మలా నడుము మీద చెయ్యి వేసుకుంటోంది.

"ఆవిడ గుమ్మంలోకి వస్తూ ఏమనేదో అనూ" అన్నాను. "సరిగ్గా ఆవిడలాగే."

తాయారు నవ్వాపుకుని, గొంతు పెద్దది చేసి, "ఏటి వదినా, ఏటి కూరొండినావు?" అంది.

"నాచు పులుసు" అన్నాను.

పచ్చదీపం వెలిగింది.

తాయారు నవ్వు ముఖం మీద అలాగే ఉంది, కళ్ళల్లోంచి మాత్రం పోయింది. దీపాన్ని చూసింది. నన్ను చూసింది. పులుసు పొంగి పొయ్యి మీద పడింది, ఇద్దరం తుడవలేదు.

"నాను ఆవిడ మాట సెప్పినాను" అంది మెల్లగా. "ఆవిడనేది సెప్పినాను."

"చెవికి అవన్నీ తెలియవు" అన్నాను. నా కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. అవి నిజం నీళ్ళే. ఎందుకొచ్చాయో మాత్రం తాయారుకి చెప్పలేదు.

అది లేచి వచ్చి నన్ను పట్టుకుంది. "ఏడవకు. నాను నోరు జారినాను, నీకు అలవాటు మీద మాటొచ్చేసింది. నీ తప్పేటుంది ఇందులో?" అని నా వీపు నిమిరింది.

నేను నిమరనిచ్చాను.

నమోదు 16

ప్రభంజన్ చెల్లెమ్మా అని పిలిచి తెంచుకుంటాడేమోనని భయపడ్డాను. అతను తాయారుని ఒకసారి చూశాడు. అమ్మా నాన్నా లేరని, ఈ గుట్టలో నా అన్నవాళ్ళెవరూ లేరని విన్నాడు. "బాగుంది చెల్లెమ్మా, మంచి సంబంధం చూశావు" అన్నాడు. నన్ను మొదటిసారి నిజంగా మెచ్చుకున్నాడు. ఎలా జరిగిందో అతనికి తెలిసిపోయిందని నాకు తెలుసు.

తాయారు నన్ను పక్కకి పిలిచి అడిగింది. "నానూ నీలాగ అన్నయ్యా అనేస్తే?"

"అనొచ్చు" అన్నాను. "చెల్లెలివై ఇదిగో ఈ గదిలో ఉంటావు. నీ తాంబూలం కూడా అతని చేతిలోకే పోతుంది."

అది గది చూసింది, మీట చూసింది. "మరి నువ్వెలాగ బయటపడతావు?" అంది. తన సంగతి కాదు, నా సంగతి.

అప్పుడు నిబంధన చెప్పాను. సగమే చెప్పాను. వదిన చేతి తాంబూలం చెల్లుతుందని అప్పుడే గుర్తొచ్చినట్టు చెప్పాను. తాయారు మారు మాట్లాడకుండా తమలపాకుల కోసం బయల్దేరింది. "ఒకర్తైనా బాగుండాల గదా" అంది.

నమోదు 17

తాయారు చేతి తాంబూలం కేదారి తీసుకున్నాడు. సాయంత్రానికి మా పెళ్ళి కూడా అయిపోయింది. మా గుట్టలో పెళ్ళికి పెద్ద తంతేమీ లేదు. ప్రభంజన్ వచ్చి అక్షింతలు వేశాడు, వేస్తూ "నువ్వు నాకు తగ్గ చెల్లెలివే" అని నా చెవిలో అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మండి ఏం లాభం, అతను అన్నది అబద్ధం కాదు.

ప్రభంజన్‌కీ తాయారుకీ పెళ్ళి మర్నాడే అయింది. నేను వెళ్ళలేదు. తలనొప్పి అని కబురు పంపాను.

నమోదు 21

రామదాసు గారు పలకల దగ్గరికి వచ్చి చెప్పారు. తాయారు పనికి రావడం లేదు. ప్రభంజన్ గది తలుపు కింద సందు దగ్గర వేళ్ళు కనిపించాయట. "మీ వదినగారివేనమ్మా" అన్నారు. నేను పలక తుడుస్తూ ఉన్నాను.

భానోజీ గారు తనంతట తానే కబురు పెట్టారు. ఈసారి నన్ను కుర్చీలో కూర్చోమన్నారు. నాకు అప్పుడే భయం వేసింది.

"మొగుడి మీద ఫిర్యాదు చెయ్యాలంటే పెళ్ళానికి ఆడపడుచు సాక్ష్యం కావాలి" అన్నారు. "ఇంకెవరి సాక్ష్యం చెల్లదు. ఆ అమ్మాయికి ఉన్న ఆడపడుచువి నువ్వొక్కదానివే. నలుగురిలో వదినా అని పిలిచి, నువ్వు పలికితే, నువ్వు సాక్షివి. వ్యాజ్యం తేలేదాకా గుట్ట దాటనివ్వరు. బండి నీకోసం ఆగదు."

"నేను సాక్ష్యం చెబితే అతనికి శిక్ష పడుతుందా?"

"పడుతుంది. గాలి పదవి పోతుంది, ఆ అమ్మాయి విడుదలవుతుంది. చట్టం అంత చెడ్డదేమీ కాదమ్మా." "మొదటిసారి తర్వాత సంగతి చెప్పలేదని అరిచావు కాబట్టి ఇప్పుడు అది కూడా చెబుతున్నాను. బండి ఎక్కేదాకా ఆమె కంట పడకు. పిలిస్తే పలకకు."

నేను అడగలేదు. ఆయనే చెప్పారు. అది ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను.

నమోదు 22

బండిలో కూర్చుని రాస్తున్నాను.

పొద్దున ద్వారం దగ్గర గుట్టలో సగం మంది ఉన్నారు. వెళ్ళే జంటలన్నీ వరసగా నిలబడ్డాం. పైన చెవి కొత్తది, బాగా పెద్దది. కేదారి నా మూట కూడా తనే పట్టుకున్నాడు. నా పేరు చదివారు. నేను గడప మీద కాలు పెట్టాను.

వెనక నుంచి "వదినా" అని వినిపించింది.

గొంతు బొంగురుపోయి ఉంది, అయినా తాయారుని గుర్తుపట్టాను. ఆ గదిలోంచి ఎలా బయటపడిందో తెలియదు. జనం దారి ఇస్తున్నట్టు చెప్పుల చప్పుడు. "వదినా, ఒక్క మాట. నాను నిన్నేటీ అననులే. ఒక్కసారి ఊఁ అను సాలు." మధ్యలో ఊపిరి అందక ఆగుతోంది. మళ్ళీ "వదినా" అంది. రామదాసు గారు "పలకమ్మా, ఒక్కసారి పలుకు" అంటున్నారు. తిరగాలనిపించింది. అది అబద్ధం కాదు, నిజంగానే అనిపించింది. రెండో కాలు కూడా లోపల పెట్టాను.

కేదారి ఆగి వెనక్కి చూశాడు. "జనంలో ఎవరో కనపడ్డం లేదు, వదినా అని పిలుస్తున్నారు" అన్నాడు. "నిన్నేనా?"

"కాదు" అన్నాను. "గవ్వలదిన్నె వాళ్ళు. వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళందరినీ అలాగే పిలుస్తారు."

అది నిజమే కదా. కేదారి నమ్మాడు, నా పక్కన కూర్చుని నడుముకి పట్టీ బిగించుకున్నాడు. తలుపు మూసేదాకా ఆ పిలుపు వినిపిస్తూనే ఉంది.